బంగారు ఊయల మట్టి

యాన్బు,
8 జనవరి 2025

అక్కా,

అస్సలాము అలైకుం. అల్లా దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. బాగాలేనిది నా ఎడమ మోకాలు ఒక్కటే. అది ప్రొద్దుటూరు నుంచి నాతోపాటే బయల్దేరి సౌదీ విమానం ఎక్కినట్టుంది, ఇక్కడా నన్ను వదల్లేదు.

నీ ఉత్తరం ఫోటో తీసి ఫర్జానా పంపగానే మా అబ్బాయి కాషిఫ్ అక్షరాలు పెద్దవి చేసి చూపించాడు. రెండుసార్లు చదివాను. నీకు వినపడడం పోయాక మనిద్దరికీ ఫోను లేకుండా పోయిందని ఇన్నాళ్లూ బాధపడ్డాను గానీ, ఇప్పుడు అదీ మేలే అనిపిస్తోంది. ఫోనులో అయితే ఈ మాట నువ్వు నన్ను అడిగేదానివి కాదు.

ఇరవై రెండేళ్ల తర్వాత బావ ఇంటికి వచ్చేస్తానంటున్నాడు. కాంట్రాక్టు అయిపోయిందట. పనిలో పెట్టుకున్న కఫీల్ ఇక ఇకామా పర్మిట్ రెన్యూ చేయనన్నాడట, రంజాన్ లోపల ఎగ్జిట్ ముద్ర కొట్టి పంపేస్తారట. అమ్మ నన్ను ఇంట్లోకి రానిస్తుందేమో అడుగు అని కూతురు ఫర్జానా చేత అడిగించాడు. ఆయన ఉండే మహ్ద్ వెళ్లి, మనిషిని నీ కళ్లతో చూసి, రానివ్వాలో వద్దో చెప్పమని నువ్వు నన్ను అడుగుతున్నావు.

చూడకుండానే చెబుతాను అక్కా. వద్దు.

నేను గొంతు పెంచే మనిషిని కానని నీకు తెలుసు. ఇది కూడా మెల్లగానే చెబుతున్నాను. కంసాలి అంగళ్లు ఊడ్చిన దుమ్ము తెచ్చుకుని, కాల్చి, దంచి, కడిగి, అందులోంచి ఇంత బంగారం తీసి నువ్వు ఇల్లు నడిపావు. నానమ్మ చేసిన పని, అమ్మ చేసిన పని. హలాల్ తిండి. ఆయనకు మాత్రం అది సిగ్గయింది. "దుమ్ము కడిగేదాని మొగుడు" అని ఊళ్లో పిలిపించుకోలేనని, బంగారం పుట్టే చోటికే పోతున్నానని చెప్పి పోయాడు. పోయినవాడు ఫర్జానా నికాహ్‌కు కూడా రాలేదు. ఆ రోజు తండ్రి స్థానంలో కూతురి తరఫున వకీలుగా కూర్చున్నది మా ఆయన. పాపం, ఆయన బతికుంటే ఈ ఉత్తరం ఇంకా గట్టిగా రాయించేవాడు.

అయినా వెళ్లక తప్పేట్టు లేదు. కాషిఫ్‌కు ఆ ఊరు చూడాలని ఉంది. మహ్ద్ అద్ దహబ్ అంటే బంగారానికి ఊయల అని అర్థమట. పాతకాలపు గని, చరిత్ర ఉన్న ఊరు, ఆఫీసులో అందరూ వెళ్లొచ్చారు, మనమే వెళ్లలేదు అంటాడు. వీళ్లకు ఏ ఊరైనా అంతే. మిగతావాళ్లు వెళ్లారు కనుక వెళ్లాలి. మొన్న గురువారం సముద్రం చూపిస్తామని తీసుకెళ్లారు. నీళ్లు ఒడ్డున ఆకుపచ్చగా, లోపలికి వెళ్లేకొద్దీ నల్లని నీలంగా ఉన్నాయి. సుబహానల్లా అనుకుంటూ నేను అటు చూస్తూ ఉంటే, మా కోడలు హఫ్సా సముద్రానికి వీపు తిప్పి నల్ల కళ్లద్దాలతో ఫోటో తీయించుకుంది. చుట్టూ అందరూ అంతే. దుప్పట్లు పరచుకుని, సముద్రానికి వీపు పెట్టి, చేతిలో ఫోను చూసుకుంటూ కోడి తింటున్నారు. పాతబస్తీలో పగడపు రాయితో కట్టిన వందల ఏళ్ల నాటి ఇళ్లున్నాయి. వాటిని బాగుచేసి లైట్లు పెట్టారు. అందులో ఒక ఇంట్లో కాఫీ అమ్ముతున్నారు. ఆ కాఫీ ఖరీదు వింటే ఆ ఇల్లు కట్టినవాడు మళ్లీ లేచి వస్తాడు.

నువ్వు చెప్పమంటే వెళ్తాను. కానీ నా జవాబు పైన రాసేశాను.

దుఆలో నన్ను మరవకు.

నీ చెల్లెలు
మెహరున్నిసా

ఫర్జానా, మీ అమ్మకు చూపించే ముందు నువ్వు ఇది చదువుతావని నాకు తెలుసు. చదివితే చదివావు. మీ నాన్నకు చెప్పకు.


ప్రొద్దుటూరు,
13 జనవరి 2025

మెహరూ,

వాలేకుం సలాం. నేను బాగుండాను. చలికి చేతులు పగిలినాయి, నీళ్లలో పెట్టినప్పుడు మండుతుండాయి, అంతే.

నువ్వు వద్దంటావని నాకు ముందే తెలుసు. అది తెలిసే అడిగినాను. నాకు కావలసింది నీ తీర్పు కాదు, నీ కళ్లు. పోయి చూడు. ఏమేం చూడాలో చెబుతాను. చేతులు చూడు. కూర్చుని లేచేటప్పుడు ఏమైనా పట్టుకుంటాడేమో చూడు. జబ్బు పడి, చేసిపెట్టేదానికి మనిషి కావాలని వస్తాండాడేమో కనుక్కో. నమాజు చదువుతాడా అడుగు. అక్కడ ఇంకొక ఆడమనిషి ఉందేమో, అడగబాకు, చూడు. ఉంటే గదిలో తెలుస్తుంది.

నా చెవుల సంగతి మాత్రం చెప్పొద్దు. ఇన్నేళ్లూ ఫర్జానాను కూడా చెప్పనివ్వలేదు. ఆయన ఫోన్ చేస్తాడు, ఫర్జానా తెచ్చి నా చెవి దగ్గర పెడుతుంది. చీమ పాకినట్టు ఉంటుంది తప్ప మాట లేదు. కాసేపు పట్టుకుని తిరిగి ఇచ్చేస్తాను. కోపంతో మాట్లాడలేదని అనుకుంటాడు. అనుకోనీ. చెవిటిదయిందే అని జాలిపడి వచ్చేదానికన్నా, కోపమని భయపడి ఆగేది మేలు.

పని ముందటి మాదిరి లేదు. పెద్ద అంగళ్లలో మిషన్లు వచ్చినాయి, దుమ్ము బయటికే రానీయరు. చిన్న అంగళ్లు నాకే ఇస్తాండారు. అంగళ్ల నుంచి దుమ్ము మూటలు మోసే లక్ష్మణ్ ఉండాడే, వానికీ నీ మాదిరే మోకాళ్లు. ఉగాదికి మానేస్తానంటాండాడు. ఆ సంగతి తెలిసినప్పటినుంచి నాకు ఆయన సంగతికన్నా ఇదే పెద్ద దిగులుగా ఉంది.

మన వీధి మేరాజ్ బేగం ఉమ్రా యాత్రకు బయల్దేరింది. నెలాఖరుకు మదీనాలో ఉంటుందట. ఏమైనా పంపేదుంటే ఆమెకియ్యి. ఖర్జూరాలు వద్దు, పోయినసారివి ఇంకా ఉండాయి.

ఇస్మత్


యాన్బు,
26 జనవరి 2025

అక్కా,

అస్సలాము అలైకుం. వెళ్లాము, చూశాము, నిన్న సాయంత్రానికి ఇల్లు చేరాము. మోకాలు వాచింది. నువ్వు చెప్పినవన్నీ చూశాను. వరసగా రాస్తాను.

ముందు మదీనా వెళ్లి సలాం చెప్పుకున్నాం. అక్కడి సంగతి ఈ ఉత్తరంలో రాయను. ఆ మాటలు, ఈ మాటలు ఒకే కాగితం మీద ఉండకూడదు.

మదీనా దాటాక దారంతా నల్లరాయి. ఎప్పుడో కొండలు నిప్పులు కక్కి చల్లారిన రాయట అది. మైళ్ల కొద్దీ కాలిపోయిన అన్నం మాడులా ఉంది. మధ్యలో ఒక పల్లెలో ఖర్జూర తోటలు, మట్టిగోడలు, మేకలు. ఒక ముసలాయన మేకలు తోలుకుంటూ మా కారు పోయేదాకా ఓపికగా ఆగాడు. ఈ ప్రయాణం మొత్తంలో నాకు నచ్చిన మనిషి ఆయన ఒక్కడే, ఎందుకంటే ఏమీ మాట్లాడలేదు.

కాషిఫ్ మాత్రం ఆపకుండా మాట్లాడాడు, అదీ మాతో కాదు, ఫోనుతో. "ఫ్రెండ్స్, మనం ఇప్పుడు మూడు వేల ఏళ్ల నాటి గోల్డ్ సిటీకి వెళ్తున్నాం" అని కారు నడుపుతూనే చెబుతాడు. సులైమాన్ ప్రవక్త అలైహిస్సలాం బంగారం ఇక్కడిదేనని కూడా అన్నాడు. ఎవరు చెప్పార్రా అని అడిగితే, అందరూ అంటారమ్మీ అన్నాడు. ప్రవక్తల పేరు అంత తేలిగ్గా నోట్లోకి రాకూడదని చెప్పాను. ఆ ముక్క వీడియోలోంచి తీసేస్తానన్నాడు. తీయలేదు, హఫ్సా ఫోనులో చూశాను.

ఇక ఆ బంగారు ఊయల ఎలా ఉందో విను. ఒక పెట్రోలు బంకు, రెండు మసీదులు, టైర్ల దుకాణం, కోడికూర హోటలు. కొండ చుట్టూ కంచె. కంచె మీద లోపలికి రాకూడదని బోర్డు. చరిత్ర చూడాలని అంత దూరం వచ్చిన మావాళ్లు కంచెనూ బోర్డునూ ఫోటో తీసుకున్నారు. దూరంగా ఒక వాలు మీద పాతకాలం వాళ్లు రాయి నూరుకున్న తిరగళ్లు పగిలి పడి ఉన్నాయి. మన ఇంట్లో నువ్వు దుమ్ము దంచే రోలు లాంటివే. అవి చూసి నేను ఆగాను. హఫ్సా, "ఇవేనా అత్తమ్మా, ఇంతేనా?" అంది. ఇంతే.

బావ హోటలు ముందుకు వచ్చాడు. దూరం నుంచి నేను గుర్తుపట్టలేదు. సన్నబడ్డాడు. ముందు పళ్లు రెండు లేవు, నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. ఏదీ పట్టుకోకుండానే కూర్చున్నాడు, లేచాడు. షుగర్ లేదు, బీపీ లేదు, నేనడగకుండానే రిపోర్టు చూపించాడు. కొత్త పెళ్లికొడుకు చూపించినట్టు. చేతులు నల్లబడి గీతల్లో దుమ్ము నిండి ఉన్నాయి. కడుక్కున్నా పోదట. నమాజు చదువుతాడు, నుదుటి మీద మచ్చ ఉంది. ఆ మచ్చ వెనకాల ఏముందో ఆ లెక్క అల్లాకు వదిలేస్తున్నాను.

గదికి తీసుకెళ్లాడు. గదిలో తోడు రాయచోటి నుంచి వచ్చిన నన్నే సాహెబ్ అనే వంట మనిషి. రెండు మంచాలు, ఒక గ్యాసు పొయ్యి, తాడు మీద బట్టలు. ఆడమనిషి జాడ లేదు. దువ్వెన కూడా ఒక్కటే, అదీ ఇద్దరికీ. ఉడికించిన కోడిగుడ్లూ టీ ఇచ్చాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఇన్నేళ్లూ గనిలో డ్రైవర్‌నని చెప్పాడు కదా. బంగారం మీదే బండి నడుపుతున్నానని ఫోన్లో ఊరందరికీ చెప్పాడు. ఏ బండి అని కాషిఫ్ అడిగాడు. నీళ్ల ట్యాంకరట. గని రోడ్ల మీద లారీలు తిరిగితే దుమ్ము లేస్తుంది, ఆ దుమ్ము లేవకుండా నీళ్లు చల్లుతూ తిరగడం ఈయన పని. అంతే. దుమ్ము కడిగేదాని మొగుడినని సిగ్గుపడి పారిపోయినవాడు ఇరవై రెండేళ్లు దుమ్ము మీద నీళ్లు పోశాడు. నేను నవ్వలేదు. గుడ్డు పక్కన పెట్టి, "బంగారం ఎప్పుడన్నా చూశారా?" అని మాత్రం అడిగాను.

"మాకేల చూపిస్తారు మెహరూ" అన్నాడు.

నీ గురించి ఒక్కటే అడిగాడు. "మీ యక్క ఫోన్ తీసుకుంటాది, ఏమీ మాట్లాడదు. ఊపిరి మాత్రం వినపడతాది. నేనే ఏదో ఒకటి చెప్పి పెట్టేస్తా. అంత కోపమా?" అన్నాడు. నువ్వు చెప్పొద్దన్నావు, నేను అబద్ధం చెప్పను. మంచినీళ్లు కావాలని అడిగాను. ఆయన లేచి వెళ్లాడు.

ఆ సమయంలో నన్నే సాహెబ్ నాతో, "శుక్రవారం జుమ్మా వస్తే ఈయన గదిలో ఉండడమ్మా. నమాజు అయినాక పోతే మళ్లీ పొద్దుగూకి మగ్రిబ్ నమాజుకే" అన్నాడు. ఎక్కడికి అంటే నవ్వాడు. సెలవు రోజు మదీనా పోయి వస్తాడు కాబోలు. భార్యాబిడ్డలను వదిలేసి పుణ్యం మూటగట్టుకునేవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లలో ఈయనొకడు.

బయల్దేరేటప్పుడు నీకిమ్మని తెల్లగుడ్డలో కట్టిన మూట ఇచ్చాడు. రెండు చేతులతో పట్టుకునేంత. అత్తరు వాసన. "ఏమీ చెప్పబాకు. చూస్తే ఆమెకే తెలుస్తాది" అన్నాడు. విప్పకుండా వేళ్లతో నొక్కి చూశాను. మట్టి. మదీనా మట్టి అని వెంటనే అర్థమైంది. అక్కడి మట్టి బయటికి తీసుకెళ్లకూడదని పెద్దలు చెబుతారు. కానీ ఇచ్చేశాడు, నేనేం చేయను? కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకుని అందుకున్నాను. మదీనాలో మేరాజ్ బేగం చేతికి ఇచ్చాను. పవిత్రమైన మట్టి, జాగ్రత్తగా అక్కకు చేర్చమని చెప్పాను. ఆమె కళ్లకద్దుకుంది.

ఊయల నుంచి చిటికెడు బంగారం తేలేక, పుణ్యపురుషుడైన వలీలా మట్టి పంపిస్తున్నాడు. నేను చూసింది ఇదీ. నా జవాబు అదే.

మెహరు


ప్రొద్దుటూరు,
5 ఫిబ్రవరి 2025

మెహరున్నిసాకు,

మూట అందింది.

అందిందంటే, వీధంతా అందుకున్న తర్వాత నాకు అందింది. మేరాజ్ బేగం ఊళ్లో దిగిన పూటే మూట విప్పింది. మదీనా మట్టి వచ్చిందని కబురు పెట్టింది. వచ్చినవాళ్లందరికీ చిటికెడు చిటికెడు పంచింది. కళ్లకద్దుకున్నవాళ్లు కొందరు, మోకాళ్లకు రుద్దుకున్నవాళ్లు కొందరు. పరీక్ష పాసు కావాలని మనవడి పుస్తకంలో పెట్టింది ఒకామె. మిగిలింది రెండు దోసిళ్లు. అది తెచ్చి నా చేతిలో పెట్టి, అదృష్టవంతురాలివి ఇస్మతూ, నీ మొగుడు ఎంత మంచి పని చేసినాడు అన్నట్టుంది. ఆమె పెదాలు చూసి తెలుసుకున్నాను.

గుడ్డ విప్పి ఒక్క చూపు చూసినాను. నేను దుమ్ములో పుట్టి దుమ్ములో పెరిగినదాన్ని. అది ఏ పవిత్ర స్థలం మట్టీ కాదు. దంచిన రాతిపొడి. నల్ల ఇసుక. గని దగ్గర పారబోసిన మట్టి.

వాళ్లకు నేనేమీ చెప్పలేదు. రుద్దుకున్న మోకాళ్లు బాగైనాయని ఒకామె అంటాండాది, బాగు కానీ.

ఆయన పోయిన రోజు నువ్వు లేవు. నీకు ఎప్పుడూ చెప్పలేదు. వాకిట్లో చెక్కపళ్లెంలో కడిగిన దుమ్ము ఆరబెట్టినాను. నాలుగు అంగళ్ల దుమ్ము, వారం రోజుల పని. పెట్టె చేత్తో పట్టుకుని గడప దాటుతూ, ఆ పళ్లెం ఎత్తి నా కాళ్ల మీద బోర్లించినాడు. "నీ బంగారం నువ్వే పెట్టుకో" అన్నాడు. అప్పుడు చెవులు బాగుండేవి. బాగా విన్నాను.

ఇప్పుడు మళ్లీ పంపినాడు. చూస్తే ఆమెకే తెలుస్తాది అన్నాడంట. తెలిసింది. దుమ్ము కడిగేదానికి దుమ్ము. ఇరవై రెండేళ్లయినా ఆ మాట మరవలేదు, నేను మరిచిపోతానని మూట కట్టి మరీ పంపినాడు. నువ్వేమో అత్తరు వాసన చూసి వజూ చేసుకుని తెచ్చినావు. ఇద్దరూ కలిసి నవ్వుకోలేదని ఎట్లా నమ్మాలి? నువ్వు నవ్వలేదని పనిగట్టుకుని రాసినావు ఉత్తరంలో.

నీ మాటే సరి. రావద్దని చెప్పు. గుంతకల్లులో వాళ్ల తమ్ముడున్నాడు, అక్కడికి పొమ్మను. ఆ మట్టి పెరట్లో మూలకు పారబోసినాను.

ఇస్మత్


యాన్బు,
9 ఫిబ్రవరి 2025

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రకాతుల నమాజు చదువుకుని కూర్చున్నాను. అంతవరకు చేతికి కలం రాలేదు. తెలియని మట్టికి పవిత్రమని పేరు పెట్టి జనం కళ్లకు అద్దించాను. అల్లా క్షమించాలి. మేరాజ్ బేగంకు నిజం చెప్పమని ఫర్జానాకు కబురు పెట్టాను. చెప్పిందట. "అట్లయితే నా మోకాలు ఎట్లా తగ్గింది?" అని ఆమె ఎదురు ప్రశ్న వేసిందట. అలాంటివాళ్లతో నేను వాదించలేను.

నేను నవ్వుకున్నానని మాత్రం అనకు. నాకు ఆ మనిషి మీద ఉన్న చిన్నచూపు నీకన్నా ఎక్కువ. అందులో నవ్వుకు చోటు లేదు. పళ్లెం బోర్లించిన సంగతి తెలిసి ఉంటే ఆ గుడ్డు కూడా ముట్టుకునేదాన్ని కాదు.

నీ ఉత్తరం వచ్చిన రోజే కాషిఫ్ చేత బావకు ఫోను చేయించాను. గొంతు పెంచలేదు. "బావా, మా అక్క కాళ్ల మీద ఒకసారి పోసింది చాలలేదా, మళ్లీ ఎందుకు పోశారు?" అని అడిగాను. లైను తెగిందేమో అని కాషిఫ్ ఫోను చూశాడు. తర్వాత ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఒక్క మాట కలపలేదు.

"అది పారబోసిన మట్టి కాదు మెహరూ. కంచె బయట పాత తిరగళ్లు ఉండాయే, నువ్వు చూసినావే, ఆ వాలు మట్టి. ఎప్పటోళ్లో అక్కడ రాయి నూరి కడిగినారు. చేత్తో కడిగితే కొంచెమన్నా మిగిలిపోతాదని మీ యక్క అంటాండె. నేను జుమ్మాజుమ్మాకు పోయి, మీ యక్క అయితే యాడ తీస్తాది అని చూసి, ఆడ చిటికెడు తీసి దాచినా. గనిలో పెద్ద పెద్ద మిషన్లుండాయి. అవి చేసేదీ ఆ పనే, దంచేది, కడిగేది. అది మొదటి వారమే చూసినా. చూసినాక యా మొకం పెట్టుకుని ఇంటికి పోయేది? ఊరికే పోకూడదని మట్టి ఏరినా. ఆమె కడుగుతాదని. ఆమె చేతికి ఏమన్నా వస్తాదని."

ఇదీ అక్కా. జుమ్మాకు ఆయన పోయేది మదీనాకూ కాదు, ఇంకొకరి ఇంటికీ కాదు. పగిలిన తిరగళ్ల మధ్య వంగి మట్టి ఏరుకోవడానికి. నమాజుకు పూసుకునే అత్తరు సీసా పక్కన పెట్టెలో దాచాడు కనుక ఆ వాసన.

నా చూపు మారిందని అనుకోకు. మారలేదు. బంగారపు గని పక్కన ఇరవై రెండేళ్లు ఉండి ఆ మనిషి కూడబెట్టింది ఒక మూటెడు మట్టి. కూతురి నికాహ్ మట్టి ఏరడం కన్నా చిన్నదయింది ఆయనకు. మొదటి వారమే తప్పు తెలిసినవాడు అప్పుడే తిరుగు విమానం ఎక్కితే సరిపోయేది. ముఖం చెల్లలేదట. అంత పెద్ద ముఖం కూడా కాదు అది.

కాషిఫ్ మాత్రం ఫోను పెట్టేశాక ఆ బంగారు ఊరి వీడియో తీసేశాడు. చెప్పకుండానే తీసేశాడు.

ఒక్క మాట. ఫోను పెట్టేముందు ఆయన మళ్లీ అడిగాడు. "ఆమె ఒక్క మాటన్నా తిట్టి ఉంటే బాగుండు" అన్నాడు. ఈసారి మంచినీళ్లు అడగడానికి వీల్లేకపోయింది, ఫోనులో కదా. సలాం చెప్పి పెట్టేశాను. నీ చెవుల మాట మోయడం నాకు బరువవుతోంది అక్కా. అబద్ధం చెప్పకుండా అబద్ధం చెబుతున్నట్టుంది. రావద్దని చెప్పమన్నావు, ఇంకా చెప్పలేదు. ఎగ్జిట్ కాగితం వచ్చేసిందట, రంజాన్ ముందు పంపించేస్తారు. గుంతకల్లుకా, ప్రొద్దుటూరుకా, నువ్వు రాసింది రాసినట్టు చదివి వినిపిస్తాను.

మెహరు


ప్రొద్దుటూరు,
16 ఫిబ్రవరి 2025

మెహరూ,

సలాం. నిన్ను అనకూడని మాట అన్నాను. నువ్వు నవ్వే మనిషివి కావు, ఆ సంగతి నాకు తెలిసి ఉండాల్సింది.

పెరట్లో పారబోసిన మట్టి మళ్లీ ఊడ్చుకొచ్చినాను. ఊడ్చేది నాకు చేతనైన పనే కదా, ఒక్క రేణువు వదల్లేదు. మేరాజ్ బేగం దగ్గరికి పోయి మిగిలిందేమన్నా ఉంటే ఇమ్మన్నాను. తాయెత్తులో పెట్టుకున్నది తప్ప అంతా ఇచ్చింది. వీధిలో ఇంకో నలుగురు ఇచ్చినారు. మనవడి పుస్తకంలోది ఇయ్యలేదు, పరీక్షలు అయినాక ఇస్తానంది.

జుమ్మా రోజు తెల్లారి తొట్టి కడిగి కూర్చున్నాను. పండక్కు కడిగినట్టు మెల్లగా కడిగినాను. మొదటి నీళ్లలో మన్ను పోయింది. తర్వాత ఇసుక పోయింది. అడుగున నల్లది మిగిలింది, అందులో మెరుస్తాండాది. ఫర్జానా పక్కనే కూర్చుని తొట్టిలోకే చూస్తాండాది. పాదరసం వేసి రుద్దినాను. బంగారాన్ని పట్టే పాదరసం దేన్నీ పట్టలేదు. పట్టేదానికి ఏమీ లేదు. మెరిసేది కాకిబంగారం.

మొత్తం కాకిబంగారమే మెహరూ. ఎండకు తళుక్కుమంటే అదే బంగారమనుకుని ఏరినట్టుండాడు. జుమ్మాజుమ్మాకు, ఎండలో వంగి, ఇరవై రెండేళ్లు. నేను చెక్కపళ్లెం ముందు కూర్చుంటే ఈ మనిషి ఎదురుగా కూర్చుని తిన్నాడు, పడుకున్నాడు, కొట్లాడినాడు. ఒక్కసారన్నా పళ్లెంలోకి చూసి ఉంటే ఇది పసిబిడ్డకు కూడా తెలిసేది. గని పక్కన ఉండి నేర్చుకోలేదు, నా పక్కన ఉండీ నేర్చుకోలేదు. అంత చేతకాని మనిషిని గుంతకల్లు మీదికి పంపడం న్యాయం కాదు. వాళ్ల తమ్ముడు మంచివాడు.

రమ్మని చెప్పు.

ఇది కూడా ఆయనకు చదివి వినిపించు. మొగుడిగా రమ్మనలేదు. లక్ష్మణ్ ఉగాదికి మానేస్తాడు, మూటలు మోసే మనిషి కావాల. అంగళ్లు తెరిచేముందు వీధిలో ఉండాల. ఊడ్చేవాళ్ల దగ్గర వంగి తీసుకోవాల, దుమ్ము కడిగేదాని మనిషినని పేరు చెప్పి తీసుకోవాల. ఆ పేరు చెప్పందే వాళ్లు ఇవ్వరు. మంచం ముందుగదిలో. పళ్లెం మాత్రం ముట్టుకోనివ్వను, నేను చూపించేదాకా.

నా చెవుల సంగతీ చెప్పెయ్యి. ఇన్నేళ్లు ఫోన్లో చెప్పినవి ఒక్కటీ వినలేదని చెప్పు. మళ్లీ మొదటినుంచి చెప్పాలంటే ఎదురుగా కూర్చుని, మెల్లగా, నోరు బాగా తెరిచి చెప్పాల. పళ్లు లేవని చెయ్యి అడ్డం పెట్టుకుంటే నాకు అర్థం కాదు.

వచ్చేటప్పుడు మట్టి తేవద్దని చెప్పు. ఇక్కడ చాలా ఉంది.

ఇస్మత్